సినిమా యంత్రము: దాని లోపములు, మరమ్మతులు

సినిమా చరిత్రమని మనము సాధారణముగా చెప్పుకొనునది తారల చరిత్రము, దర్శకుల చరిత్రము, స్టూడియోల చరిత్రము. ప్రేక్షకుల వీపు వెనుక, గోడలో చేసిన చిన్న గవాక్షమునకు ఆవల, ఉక్కలో చెమటలు కార్చుచు బొమ్మను ఆడించినవారి మాట అందు కానరాదు. ఆట సాఫీగా సాగినంతసేపు ఆ గదిలో ఒక మనుష్యుడున్నాడను తలంపే మనకు కలుగదు. బొమ్మ వణకినను, ఫిల్ము తెగినను, మాట ముద్దగా వినబడినను వెంటనే ఈలలు, కేకలు బయలుదేరును. అందరి తలలును వెనుకకు తిరుగును. లోపము కలిగినప్పుడు మాత్రమే గుర్తుకు వచ్చు ఆ యంత్రమును గూర్చియు, దానిని బాగుచేసిన పనివారిని గూర్చియు నేడు కొంత ముచ్చటింపదలచితిని.

ఒక్క మాట మొదటనే మనవి చేసెదను. ప్రొజెక్టరు అను ఈ ప్రదర్శన యంత్రము ఒక్క మేధావి బుద్ధిలో ఒక్కనాడు పుట్టినది కాదు. ఒక లోపము బయలుపడుట, దానికి విరుగుడుగా ఒక చిన్న భాగము చేరుట, ఆ భాగము వలన మరియొక చిక్కు కలుగుట, దానికి మరియొక విరుగుడు దొరకుట, ఈ విధముగా అది పెరిగినది. కావున పాత ప్రొజెక్టరు మూత తీసి చూచినచో, అందలి భాగములలో పెక్కు ఒక్కొక్క పాత లోపమునకు ప్రత్యుత్తరములై కనబడును. ఆ చరిత్ర తెలిసినవానికి రోగనిదానము సులభము. తెలియనివాడు చక్కగా నున్న మరను విప్పి, చెడినదానిని విడిచిపెట్టును.

ఈ యంత్రము చేయవలసిన పని వినుటకు స్వల్పముగనే యుండును. ఫిల్ములో కదలిక లేదు. వరుసగా ముద్రింపబడిన నిశ్చల చిత్రములు మాత్రమే కలవు. ఒక చిత్రమును కటకము నెదుటికి తేవలెను; దానిని కదలకుండ నిలుపవలెను; దాని గుండ వెలుగును తెరపైకి పంపవలెను; వెలుగును మూసి, ఆ చీకటిలో రెండవ చిత్రమును లాగవలెను. మాటల చిత్రములకు ఈ పని సెకనునకు 24 మారులు జరుగవలెను. అనగా గంటకు 86,400 మారులు. ఇన్ని వేల మారులలో చిత్రము వెంట్రుకవాసి పైకిగాని క్రిందికిగాని తప్పినను, పెద్ద తెరపై అది జానెడు వణకుగా కనబడును. గడియారపు సూక్ష్మతయు, నూనెగానుగ ఓర్పును ఒక్క యంత్రమునందే కావలసి వచ్చినవి.

ఫ్రాన్సుదేశమున ల్యూమియేర్ సోదరులు 1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరములోని గ్రాండ్ కఫేలో రుసుము పుచ్చుకొని ప్రజలకు చలనచిత్రములను చూపిరి. వారి యంత్రమునందు ఫిల్మును లాగుటకు రెండు కొక్కెములుండెను. కుట్టుమిషను గుడ్డను నిలిపి నిలిపి జరుపు తీరును చూచియే లూయీ ల్యూమియేరునకు ఈ ఉపాయము తోచినదని చెప్పుదురు. కొక్కెములు ఫిల్ము అంచులలోని రంధ్రములలో దూరి, ఒక చిత్రమంత క్రిందికి లాగి, వెలికి వచ్చి, మరల పైకి పోవును. నిమిషములోపున ముగియు చిన్న చిత్రములకు ఇది చక్కగా పనిచేసెను. చిత్రములు దీర్ఘములై, ఒకే ప్రతి వందలసార్లు ఆడవలసి వచ్చినప్పుడు రంధ్రములు చినుగజొచ్చెను. పెద్ద ప్రదర్శనశాలలకు వేరొక ఉపాయము అవసరమాయెను.

అంతకు కొలది నెలలు ముందే అమెరికాలో లేథం అను తండ్రి, అతని ఇరువురు కుమారులు మరియొక లోపముతో పోరాడుచుండిరి. పైనున్న బరువైన చుట్టనుండి ఫిల్మును కుదుపులతో నేరుగా లాగినచో అది పుటుక్కున తెగును. వారి యంత్రమునందు ద్వారమునకు పైనను క్రిందను ఫిల్మును కొంచెము వదులుగా, ఉంగరమువలె వంచి విడిచిరి. చుట్టనుండి ఫిల్ము సమవేగముతో వచ్చును. ద్వారమునొద్ద నిలిచి నిలిచి నడచును. ఈ రెండు నడకలకు మధ్య వదులుగానున్న ఆ వంపే సంధి కుదుర్చును. దీనికి నేటికిని లేథం లూపు అనియే పేరు. ఇందులో కొత్త చక్రము లేదు, కొత్త మర లేదు. ఉన్నదెల్ల కాస్త ఖాళీ జాగా. అయినను ఆ ఖాళీ పోయిననాడు యంత్రము టపటపమని కొట్టుకొనును, బొమ్మ నిలువునా సాగును, రంధ్రములు వరుసగా చినుగును. అనుభవశాలియైన ఆపరేటరు ఆ చప్పుడు విని, వంపు పోయినదని చూడకయే చెప్పును.

నిలిచి నడచు కదలికకు స్థిరమైన ఉపాయము గడియారపు పనివారినుండి వచ్చినది. మాల్టా శిలువ ఆకారము గల నాలుగు చీలికల చక్రమిది. దీని ప్రక్కన ఎడతెగక తిరుగు బిళ్ళకు ఒక ములుకు అమర్చబడి యుండును. ఆ ములుకు చీలికలో దూరి శిలువను పావుచుట్టు త్రిప్పి వెలికి వచ్చును. మిగిలిన ముప్పాతిక కాలము బిళ్ళ అంచు శిలువ గుంటలో ఒదిగి దానిని కదలనీయదు. శిలువ ఇరుసునకు 16 పళ్ళ చక్రముండును. పావుచుట్టుకు నాలుగు పళ్ళు, నాలుగు రంధ్రములు, ఒక చిత్రము. ఈ లెక్క తప్పదు. జర్మనీలో ఆస్కార్ మెస్టర్ 1896లో ఇట్టి యంత్రములను నిర్మించెను. ఇంగ్లండులో రాబర్ట్ పాల్ అదే యేడు ఏడు మొనల చక్రముతో అదే పనిని సాధించెను.

శిలువ వచ్చినతోడనే దాని రోగములును వచ్చినవి. ములుకు అరిగినచో, ఇరుసు వదులైనచో బొమ్మ తెరపై పైకి క్రిందికి గంతులు వేయును. కాని బొమ్మ గంతులు వేసిన ప్రతిసారియు శిలువను అనుమానించుట తెలివిగాదు. ఫిల్మును ద్వారమునొద్ద అదిమిపట్టు స్ప్రింగులు సడలినను బొమ్మ అట్లే ఆడును. క్రొత్త ప్రతులనుండి రాలిన పూత ద్వారమునొద్ద గట్టిపడినను అట్లే జరుగును. అప్పుడు కీచుమను చప్పుడు కూడ తోడగును. ఆ మురికిని ఉక్కుకత్తితో గీకరాదు; గీత పడిన ద్వారము ఆపైన వచ్చు ప్రతి ఫిల్మును గీయును. తడిగుడ్డతో నానబెట్టి, మెత్తని ఇత్తడిరేకుతో మెల్లగా తీయవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి ఎందుకను సామెత ఈ పనికి సరిగా సరిపోవును. ఇక పళ్ళచక్రముల సంగతి. పన్ను ఒకప్రక్క అరిగి కొక్కెమువలె వంగినచో, ఫిల్మును విడువవలసినచోట విడువక రంధ్రమును చీల్చును. చక్రమును ఇరుసుపై త్రిప్పి రెండవ ప్రక్కను వాడుకొనుట పొదుపరుల పద్ధతి.

తరువాతి భాగము షట్టరు. చిత్రము కదలునప్పుడు వెలుగును మూయు రెక్క ఇది. ఒక్క రెక్కయే యున్నప్పుడు తెర మినుకుమినుకుమని కండ్లకు నొప్పి కలిగించెను. అందుచేతనే తొలినాళ్ళలో చలనచిత్రములు కండ్లకు చేటను మాట వినవచ్చెను. చిత్రము నిలిచియున్నప్పుడు కూడ వెలుగును కొట్టివేయు రెక్కలను 1903 ప్రాంతమున చేర్చిరి. వెలుగు తగ్గించుట వలన మినుకు తగ్గుట వింతగా తోచును. కాని కారణము సులభము: మినుకులు ఎంత త్వరితమైన కన్ను వానిని అంత తక్కువగా గుర్తించును. మూకచిత్రములు సెకనునకు 16 వంతున ఆడినప్పుడు మూడు రెక్కలతో 48 మినుకులు. మాటల చిత్రములు 24 వంతున ఆడినప్పుడు రెండు రెక్కలతో అదే 48. శిలువకును షట్టరునకును పొత్తు తప్పినచో, నల్లని తెరపై తెల్లని అక్షరములకు తోకలు మొలచును. తోక పైకున్నదా, క్రిందికున్నదా అను దానినిబట్టి రెక్క ముందుగా వచ్చుచున్నదో ఆలస్యముగా వచ్చుచున్నదో నిర్ణయింపవచ్చును.

ఇంతవరకు చెప్పిన లోపములకు వెల టిక్కెట్టు డబ్బులు. దీపముయొక్క లోపములకు వెల ప్రాణములు. పారిస్ నగరమున 1897వ సంవత్సరము మే 4వ తేదీన ధర్మకార్యమునకై జరిగిన సంతలో సినిమా యంత్రపు దీపము ఈథరుతో వెలుగుచుండెను. దీపములో మరల ఈథరు పోసి అగ్గిపుల్ల గీయగా ఆవిరి అంటుకొని, గుడ్డలతోను కర్రలతోను కట్టిన ఆ మండపము కొద్ది నిమిషములలో బూడిదయ్యెను. 126 మంది చనిపోయిరి.

ఫిల్మే స్వయముగా అగ్నికి ఇల్లు. తొలి అర్ధశతాబ్దిలో దానిని నైట్రో సెల్యులోజుతో చేసిరి. ప్రేలుడు పత్తికి ఇది దగ్గరి చుట్టము. దీనికి కావలసిన ప్రాణవాయువు దీనిలోనే యుండుటచేత నీటిలో ముంచినను మండును. స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున 1929 డిసెంబరు 31వ తేదీన గ్లెన్ సినిమాలో ఒక రీలు పొగ చిమ్మెను. మంటలు హాలులోనికి రాలేదు. పొగ వచ్చినది, బాలురు భయముతో తలుపు వైపు పరుగిడిరి, తలుపు తెరచుకొనలేదు. 71 మంది పిల్లలు మరణించిరి.

ఇట్టి విపత్తుల నీడలోనే యంత్రమునకు క్రొత్త అవయవములు చేరినవి. ఫిల్ము చుట్టలను ఇనుపపెట్టెలలో బంధించిరి. ఫిల్ము వెలువడుచోట మంట లోనికి పోకుండ ఇరుకైన కప్పీలను అమర్చిరి. వేగము తగ్గినతోడనే తనంతట తాను పడి వెలుగును ఆపు అగ్నికవాటమును పెట్టిరి. ఆపరేటరు గదిని ఇటుకలతో కట్టవలెనని, గవాక్షములకు జారుడు తలుపులుండవలెనని నిబంధనలు వచ్చినవి. ఇంగ్లండున 1909వ సంవత్సరపు చట్టము, మనదేశమున 1918వ సంవత్సరపు సినిమాటోగ్రాఫు చట్టము ఈ భయమునుండి పుట్టినవే. సెన్సారు నిమిత్తమే మనము తలచుకొను ఆ చట్టమునకు ప్రేక్షకుల రక్షణ రెండవ కన్ను. మరమ్మతుదారుడు అడ్డమని అగ్నికవాటమును తీగతో పైకి కట్టివేసినచో, అతడు తీసివేసినది ఒక రేకు గాదు, పెక్కుమంది బ్రదుకులకు కాపు.

దీపమునకు పిదప స్థిరపడినది కార్బను ఆర్కు. రెండు బొగ్గుకడ్డీల మొనలను తాకించి కొంచెము ఎడము చేసినచో నడుమ కన్ను చెదరు వెలుగు పుట్టును. కడ్డీలు కాలుచునే యుండును; ఎడము పెరుగుచునే యుండును; ఆపరేటరు నల్లని అద్దము గుండ చూచుచు వానిని జరుపుచునే యుండవలెను. తెర మూలలు గోధుమరంగునకు తిరిగినచో కడ్డీ దారి తప్పినదని గుర్తు. వెలుగు మొత్తము మందగించినచో వెనుకనున్న అద్దముపై కడ్డీల రాగిచుక్కలు చిట్లి గుంటలు పడినవేమో చూడవలెను. పైన పటారము, లోన లొటారమన్నట్లు, రంగులు వేసి మెరయించిన యంత్రమైనను అద్దము చెడినచో తెరపై సంధ్యాకాలమే.

మనదేశమునకు ఈ వింత ఆలస్యము లేకయే వచ్చినది. బొంబాయిలోని వాట్సన్ హోటలులో 1896 జూలై 7వ తేదీన ల్యూమియేర్ వారి చిత్రములు చూపబడెను. దక్షిణమున 1905లో తిరుచిరాపల్లిలో రైల్వే గుమాస్తాగానున్న స్వామికన్ను విన్సెంటు ఒక ఫ్రెంచివాని యొద్ద యంత్రమును, ఫిల్ములను కొని ఊరూర ప్రదర్శనము లిచ్చెను. విదేశమునుండి వచ్చిన యంత్రమును బండ్లపై, రైళ్ళపై త్రిప్పుచు, చెడినచోటనే బాగుచేసికొనుట అట్టివారికి విధిగా నేర్చుకొనవలసిన విద్య ఆయెను.

మన ఆంధ్రులలో ఈ మార్గమున తొలి అడుగు వేసినవారు రఘుపతి వెంకయ్యనాయుడుగారు. బందరున 1869లో పుట్టి, మద్రాసున ఛాయాచిత్రశాల నడుపుచుండిన వీరు 1910 ప్రాంతమున క్రోనో మెగాఫోను అను యంత్రమును తెప్పించి విక్టోరియా పబ్లిక్ హాలులో చూపిరి; బెంగుళూరు, సింహళము, బర్మాలకు కొనిపోయిరి. తరువాత మద్రాసున గెయిటీ థియేటరును కట్టించిరి. ఫ్రాన్సున గోమాన్ వారు నిర్మించిన ఈ యంత్రమునందు బొమ్మ ఫిల్ముమీదను, ధ్వని గ్రామఫోను పలకమీదను వేర్వేరుగా నుండును. ఇట్టి పద్ధతికి పుట్టువెలితి ఒకటి కలదు. ఫిల్ము తెగి, అతుకు వేయుటలో కొన్ని చిత్రములు పోయినచో, అక్కడనుండి పెదవులొకదారి, మాటలొకదారి. పోయినన్ని చిత్రములకు బదులుగా నల్లని ఫిల్మును అతికించుటయే దీనికి మందు. వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921లో భీష్మప్రతిజ్ఞ అను మూకచిత్రమును తీయుటకు ఈ ప్రదర్శనానుభవమే పునాది.

ధ్వనిని ఫిల్ము అంచునందే ముద్రించుటతో ఆ వెలితి తీరెను. బొంబాయిలో 1931 మార్చి 14వ తేదీన ఆలం ఆరా, 1932లో తెలుగున భక్త ప్రహ్లాద వెలువడినవి. చేతితో త్రిప్పు కాలము గతించి విద్యుత్ మోటారు వచ్చినది. ఫిల్ము నిమిషమునకు 90 అడుగుల వంతున నడువవలసి వచ్చినది. 1,000 అడుగుల రీలు 11 నిమిషములు ఆడును. ఒకే యంత్రము గల టూరింగు టాకీసులలో రీలు మార్చునప్పుడెల్ల ఆట ఆగెడిది; గుడారములో నేలమీద కూర్చున్నవారికి అదియే వేరుసెనగలు కొనుక్కొను వేళ. ఆ గుడారములలో ధూళి, వాన, ఇంజను కరెంటు, పదిసార్లు అతుకులు పడిన ప్రతులు, వీని నడుమ బొమ్మను నిలిపినవారికి బడిలో నేర్చిన యంత్రశాస్త్రము లేదు. గురువుకు ఫిల్ము చుట్టుచు, కందెన వేయుచు చెవితోను వ్రేళ్ళతోను నేర్చిన విద్య కలదు.

ధ్వని చదువు భాగము ద్వారమునకు దిగువ నుండును. ద్వారమునొద్ద ఫిల్ము నిలిచి నడచును. ధ్వనికి మాత్రము ఎడతెగని సమమైన నడక కావలెను. అందుచే ఒక చిత్రమునకు చెందిన ధ్వనిని 20 చిత్రముల ముందు ముద్రింతురు. క్రిందివంపు మితిమీరినచో ఈ లెక్క తప్పి, పెదవి కదలికకును మాటకును పొత్తు చెడును. చిన్న దీపము వెలుగు సన్నని చీలిక గుండ ధ్వనిరేఖపై పడి, అవతలి ఫోటోసెల్లులో విద్యుత్తుగా మారును. మాట మందగించి ముద్దగా వినబడినచో ఆ కటకముపై నూనె చేరినదని తొలుత అనుమానింపవలెను. ఫిల్ము ప్రక్కకు జరిగి రంధ్రములు వెలుగునకు అడ్డమైనచో మోటారు పడవవలె దడదడమను చప్పుడు వచ్చును. సెకనునకు 24 చిత్రములు, చిత్రమునకు 4 రంధ్రములు, వెరసి 96 దెబ్బలు. ఆ చప్పుడే తన కారణమును లెక్కతో సహా చెప్పుచున్నది! సంగీతము ఉయ్యాలవలె ఊగినచో ధ్వనిపీపాకు తగిలించిన బరువుచక్రమును, దాని ఇరుసును చూడవలెను.

పూర్వపు పనివారు పాటించిన క్రమము ఇందుండి తెలియును. మొదట చూడుము, వినుము, తరువాత తుడువుము, పిమ్మట కందెన వేయుము, అటుపిమ్మట బిగింపు సవరింపుము, ఇవన్నియు విఫలమైననే విప్పుము. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు చేసినచో దేనివలన గుణమిచ్చెనో తెలియదు. ఇది వైద్యునకును, వంటవానికిని, ఏ విద్యార్థికైనను పనికివచ్చు నీతి.

కాలము మారినది. మంటకు లొంగని క్రొత్తరకపు ఫిల్మును 1948లో కొడాక్ వారు తెచ్చిరి. తరువాత కొద్దియేండ్లకే నైట్రేటు ఫిల్ము తయారీ నిలిచిపోయెను. 1950వ దశకమునుండి జెనాను దీపములు బొగ్గుకడ్డీల స్థానము నాక్రమింపసాగినవి. ఇరువదియొకటవ శతాబ్ది రెండవ దశకమునకు మన ఊళ్ళ థియేటర్లన్నియు దాదాపుగా డిజిటల్ ప్రదర్శనమునకు మారినవి. 2013లో ఫ్యూజీ వారు సినిమా ఫిల్ము తయారీని చాలించిరి. గదులలోని ప్రొజెక్టర్లు అనేకము పాత ఇనుపసామాను క్రింద తూకమునకు పోయినవి. వానితోకూడ విడిభాగములు పోయినవి. చెవితో నేర్చిన విద్యయు వెంట పోవుచున్నది.

పోనిండు, నష్టమేమని అడుగవచ్చును. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో స్థాపితమైనది. అంతకు పూర్వపు మన మూకచిత్రములలో అత్యధికభాగము అప్పటికే నశించెను. అదే నగరమున 2003 జనవరి 8వ తేదీన జరిగిన అగ్నిప్రమాదమున అనేక నైట్రేటు రీళ్ళు దగ్ధమయ్యెను. మిగిలినది స్వల్పము. మిగిలిన రీలును యంత్రముపై ఎక్కించి ఆడించినగాని, అది ఏ వేగమునకు తీయబడెనో, దాని వెలుగునీడ లెట్టివో, ఆనాటి ప్రేక్షకుడు దేనిని చూచెనో మనకు తెలియదు. డిజిటల్ ప్రతి ఉపయోగమైనదే. కాని అది అనువాదము, మూలము మూలమే. మూలమును చదువగల యంత్రమును, యంత్రమును బ్రదికింపగల చేతులును లేనినాడు భాండాగారములోని డబ్బాలు తాళము పోయిన పెట్టెలతో సమానము.

కావున ఏ పాత థియేటరులోనైనను ఇట్టి యంత్రము కనబడినవారికి నాలుగు మాటలు. తొందరపడి కరెంటు ఇయ్యరాదు; మొదట చేతితో త్రిప్పి చూడవలెను. దీపపుపెట్టెలోని తీగల తొడుగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును; దానిని దులుపరాదు. పరీక్షకు విలువలేని ఫిల్ముముక్కను వాడవలెను గాని అపురూపమైన రీలును గాదు. పాతఫిల్ము కుంచించుకొని పోవుటచే రంధ్రములు పళ్ళకు సరిపడవు. నైట్రేటు ఫిల్మును ఎన్నడును ఇంట ఆడింపరాదు; భాండాగారమునకు తెలుపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ యంత్రమును నడిపిన ముసలి ఆపరేటరు ఊరిలో ఇంకను జీవించియుండినచో, మర విప్పకముందే ఆయన యింటికి పోవలెను. యంత్రముయొక్క గ్రంథమందు లేని సగము చదువు ఆయన చెవులలోను, వ్రేళ్ళలోను ఉన్నది. ఆ సగమును వ్రాసికొనుటకు మిగిలిన వ్యవధి ఎక్కువగా లేదు.